కొండెక్కిన ఊరు: నాగార్జునకొండ మ్యూజియంలో నేను నేర్చుకున్న పాఠం

నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్. ఒకటో క్లాస్ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క సరిచేస్తానంది. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నా.

మా పెద్దమ్మ కొడుకు మలేషియాలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న దసరా సెలవుల్లో మెలాకా అనే ఊరికి వెళ్ళి కొన్ని ఫోటోలు పంపాడు. నల్లటి చెక్కతో కట్టిన పెద్ద భవనం, అంచెలంచెలుగా పైకప్పు, లోపల మ్యూజియం. "మలయా సుల్తానుల రాజభవనం రా" అన్నాడు. నేను వెంటనే గూగుల్ చేశా. అసలు రాజభవనం పదిహేనో శతాబ్దం నాటిది. సుల్తాన్ మన్సూర్ షా కట్టించాడు. చెక్క భవనం కావడంతో ఎప్పుడో పోయింది. 1511లో పోర్చుగీసువాళ్ళు మెలాకాని పట్టుకున్నాక సుల్తానుల పాలనే పోయింది. అన్న ఫోటోలో ఉన్నది 1980ల్లో మళ్ళీ కట్టింది. 'సెజారా మెలాయు' అనే పాత మలయా గ్రంథంలో ఆ భవనం వర్ణన ఉంటే, దాన్ని ఆధారంగా చేసుకుని కట్టి 1986లో తెరిచారు.

"అంటే డూప్లికేట్ అన్నమాట" అని మెసేజ్ పెట్టా.

అన్న నవ్వుతున్న ఎమోజీ పెట్టి, "మన సాగర్ దగ్గర నాగార్జునకొండ చూశావా? అది ఒరిజినలా, డూప్లికేటా? చూసొచ్చి చెప్పు" అన్నాడు.

నాది మార్కాపురం పక్కన పల్లె. సాగర్‌కి మూడు గంటల దూరంలో పుట్టి పెరిగా. డ్యామ్ రెండుసార్లు చూశా, కొండ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అన్న అడిగిన ప్రశ్నకి జవాబు తెలీలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతికిన కథ.

ముందు కొంచెం చరిత్ర

శాతవాహనుల తర్వాత కృష్ణా లోయలో ఇక్ష్వాకులు రాజ్యం చేశారు. మూడో శతాబ్దంలో మొదలై నాలుగో శతాబ్దం తొలి భాగం దాకా వీళ్ళ కాలం. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు మొదటి పెద్ద రాజు. ఆయన తర్వాత మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఆ తర్వాత ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. వీళ్ళ రాజధాని పేరు విజయపురి. నాగార్జునకొండ అనే పేరు ఆచార్య నాగార్జునుడి మీద ఉన్న సంప్రదాయం వల్ల వచ్చింది. శాసనాల్లో కనిపించే పేర్లు విజయపురి, శ్రీపర్వతం.

నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. శాంతమూలుడు అశ్వమేధం లాంటి వైదిక యజ్ఞాలు చేసిన రాజు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసింది. ఒకే ఇంట్లో అన్నది ఒక దారి, చెల్లెలిది ఇంకో దారి. అక్కడి బౌద్ధ కట్టడాల్లో చాలావాటికి డబ్బు పెట్టింది రాజకుటుంబపు ఆడవాళ్ళు, మామూలు ఉపాసికలు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించి శాసనం వేయించింది. అందులో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగ, సింహళం లాంటి దేశాల పేర్లు ఉన్నాయి. మూడు వైపులా కొండలున్న ఒక లోయకి అంత దూరాలతో కనెక్షన్ ఉండేదని ఊహించడానికే నాకు కాసేపు పట్టింది. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి.

ఆ తర్వాత ఆ లోయని అందరూ మర్చిపోయారు. 1926లో మాచర్లకు చెందిన సూరపరాజు వెంకటరామయ్య అనే బడి పంతులు అక్కడొక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన శాఖ తరఫున ఎ.ఆర్.సరస్వతి వచ్చి చూశారు. ఆ తర్వాత 1927 నుంచి 1931 దాకా ఎ.హెచ్.లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు చేశాడు. 1938లో టి.ఎన్.రామచంద్రన్ మళ్ళీ తవ్వారు. ఒక స్కూల్ టీచర్ "ఇదేదో మామూలు రాయి కాదే" అనుకోవడంతో ఇదంతా మొదలైంది.

డెడ్‌లైన్ పెట్టుకుని తవ్వడం

మనకి అసైన్‌మెంట్‌కి డెడ్‌లైన్ ఉంటుంది. దాటిపోతే మార్కులు పోతాయి. ఒక నగరానికే డెడ్‌లైన్ పడితే?

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. డ్యామ్ పూర్తయితే లోయంతా మునిగిపోతుంది. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి 1954లోనే పురావస్తు శాఖ ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టింది. 1960 దాకా ఆరేళ్ళు తవ్వారు. రాతి యుగపు పనిముట్ల నుంచి మధ్యయుగం దాకా ఏది దొరికితే అది కొలిచారు, గీశారు, ఫోటోలు తీశారు. వీధులు, కోట, స్తూపాలు, విహారాలు, గుళ్ళు, స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న ఒక క్రీడాంగణం బయటపడ్డాయి.

బయటపడ్డాక వాటిని అక్కడే వదిలేస్తే మునుగుతాయి. అందుకని ముఖ్యమైన తొమ్మిది కట్టడాలని విప్పి, వేరే చోటికి తరలించి, తిరిగి నిర్మించారు. ఇంకో పద్నాలుగింటికి పెద్ద నమూనాలు కట్టారు. కొన్ని లోయ మధ్యలో ఉన్న కొండ మీద, కొన్ని అనుపు అనే చోట. కొండ మీదే, పాత విహారం ఆకారంలో ఒక మ్యూజియం కట్టి 1966లో తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు.

ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ వల్ల మునగబోయిన అబూ సింబెల్ ఆలయాలని ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి జరిపారని అందరూ చదివే ఉంటారు. ఆ పని జరిగింది 1964-68 మధ్య. దాని మీద డాక్యుమెంటరీలు నేను మూడు చూశా. మన పక్కనే అంతకు ముందే మొదలైన ఇలాంటి పని గురించి మా స్కూల్ పుస్తకంలో రెండు లైన్లే ఉన్నట్టు గుర్తు.

మళ్ళీ కట్టడంలో నాలుగు రకాలు

అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. ఒరిజినలా, డూప్లికేటా? మనవాళ్ళకి సున్నా, ఒకటి అలవాటు కాబట్టి రెండే జవాబులు ఉంటాయనుకుంటాం. చదివే కొద్దీ కనీసం నాలుగు రకాలు కనపడ్డాయి.

ఒకటి, కట్టడం అసలుదే, చోటూ అసలుదే, వాడకం మాత్రం మారింది. చంద్రగిరి కోటలో రాజమహల్ ఇలాంటిదే. విజయనగర రాజులు ఉన్న చోటే ఆ భవనం ఉంది. బాగుచేసి లోపల మ్యూజియం పెట్టారు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ పాతదే, కొత్త అప్లికేషన్ నడుస్తోంది.

రెండు, రాళ్ళు అసలువే, చోటు మారింది. నాగార్జునకొండలో తరలించిన కట్టడాలు ఈ రకం. శ్రీశైలం డ్యామ్ వల్ల మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు కదా, అదీ ఇంతే. డేటా అదే, మైగ్రేట్ చేశారు. మైగ్రేషన్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి పోతుంది. ఇక్కడ పోయింది చుట్టుపక్కల. నది ఒడ్డున ఉండాల్సిన స్నానఘట్టం కొండ మీద ఉంటుంది. మెట్లు దిగితే కృష్ణ ఉండదు.

మూడు, కొలతలు అసలువి, వస్తువు కొత్తది. తవ్వి, కొలిచి, ఆ ప్లాన్ ప్రకారం కట్టిన నమూనాలు ఈ రకం. ఇటుక కొత్తదైనా గోడ ఎక్కడ తిరగాలో ఊహించి కట్టలేదు, కొలిచి కట్టారు.

నాలుగు, రాయీ లేదు, కొలతా లేదు, మాటలే ఉన్నాయి. మెలాకా భవనం ఈ రకం. గ్రంథంలో ఉన్న వర్ణన చదివి, మలయా వడ్రంగుల సంప్రదాయం చూసి కట్టారు. కథ విని బొమ్మ గీసినట్టు. పూర్తిగా నిజం అనలేం. అలాగని అబద్ధం అనడం కూడా తప్పే. ఆ మాటలు రాసి పెట్టకపోతే ఈ భవనమే ఉండేది కాదు. ఇది చదివాక అన్నకి "డూప్లికేట్" అని పెట్టిన మెసేజ్ డిలీట్ చేద్దామనిపించింది. టైమ్ దాటిపోయింది, కుదర్లేదు.

నాలుగింటికీ కింద ఉన్న సూత్రం ఒకటే. పోకముందు ఎవరైనా ఎంత వివరంగా రాసి పెట్టారో, పోయిన తర్వాత అంతే తిరిగొస్తుంది. రాయి ఉంటే రాయి, కొలత ఉంటే కొలత, మాట ఉంటే మాట. ఏదీ లేకపోతే ఏదీ రాదు.

ప్రయాణం

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళాం. నేను, మా మామయ్య, అమ్మమ్మ. అమ్మమ్మ వస్తానంటుందని అనుకోలేదు. "సాగర్ అంటే పేరు ఇనడమే గానీ చూసింది లే. పట్టకపోండి నన్ను గూడా" అంది. పాత స్విఫ్ట్‌లో పొద్దున్నే ఐదింటికి బయల్దేరాం. మార్కాపురం, యర్రగొండపాలెం, మాచర్ల, విజయపురి సౌత్.

ఒక జాగ్రత్త. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు. మేం ముందు శుక్రవారమే ప్లాన్ చేసుకుని, గురువారం రాత్రి చూసుకుని, శనివారానికి మార్చుకున్నాం. మీరు ముందే చూసుకోండి. లాంచీలు కూడా నీళ్ళు, గాలి, జనాన్ని బట్టి నడుస్తాయి, కాబట్టి పొద్దున్నే చేరడం మంచిది.

లాంచీలో ముప్పావు గంట పైనే పట్టింది. చుట్టూ నీళ్ళు, దూరంగా నల్లమల. అమ్మమ్మ రెయిలింగ్ గట్టిగా పట్టుకుని నీళ్ళ వైపే చూస్తోంది. దూరంగా దీవి కనపడింది. "అది దీవి కాదమ్మమ్మా, కొండ. కింద భాగం మునిగిపోయింది, తల మాత్రం మిగిలింది" అన్నా.

"మరి కొండ కింద ఏముండింది?"

"ఊరు. పదిహేడొందల ఏళ్ళ కిందటి ఊరు."

"ఇప్పుడు మనం ఊరి మీదనే పోతున్నామా?" అని చెప్పులు విడిచి పక్కన పెట్టింది. లాంచీలో ఉన్నవాళ్ళు ఆమెని వింతగా చూశారు. నేనేం మాట్లాడలేదు.

లోపల ఏం చూడాలి

దిగాక కొంచెం ఎక్కాలి. పైన మధ్యయుగపు కోట గోడలు ఉన్నాయి. మ్యూజియంలోకి వెళ్ళగానే సున్నపురాయి శిల్పాలు. పల్నాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది, చెక్కడానికి మెత్తగా ఉంటుంది, అందుకే బట్టల ముడతలు కూడా కనపడేంత సన్నగా చెక్కగలిగారు. మార్కాపురం వాళ్ళకి రాళ్ళ గురించి కొంచెం తెలుసు, మాది పలకల ఊరు కదా. మన పలక రాయి పొరలు పొరలుగా విడుతుంది. రాసి తుడుచుకోవడానికి పనికొస్తుంది. ఈ రాయి మీద రాసినది పదిహేడొందల ఏళ్ళైనా చెరగలేదు.

మీరు వెళితే ఈ మూడు తప్పకుండా చూడండి.

మొదటిది ఛాయాస్తంభాలు. చనిపోయిన వాళ్ళ జ్ఞాపకంగా నిలబెట్టిన స్తంభాలు. శాంతమూలుడు చనిపోయాక, కొడుకు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో ఆయన కుటుంబపు ఆడవాళ్ళు ఒకటి నిలబెట్టారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏంటంటే, ఇలాంటి స్తంభాలు రాజులకే కాదు, సైనికులకీ పనివాళ్ళకీ కూడా వేయించారు. ఒక ఊరు తన మామూలు మనుషుల్ని కూడా పేరు పెట్టి గుర్తుపెట్టుకుంది.

రెండోది స్తంభాల మీది విదేశీ రూపాలు. రాజభవనం ఉన్న స్థలమని లాంగ్‌హర్స్ట్ గుర్తించిన చోట దొరికిన స్తంభాల మీద శక సైనికుడి రూపం ఉంది, పొడుగు కోటు, టోపీతో. ఇంకో చోట గడ్డంతో, పక్కన కొమ్ము ఆకారపు పాత్రతో గ్రీకుల డయోనిసస్‌ని తలపించే రూపం ఉంది. రాజు ఇంటి స్తంభం మీద బయటి దేశపు మనిషి ఉన్నాడంటే ఆ ఊరి వీధుల్లో బయటివాళ్ళు ఎంత మామూలుగా తిరిగేవాళ్ళో ఊహించుకోవచ్చు.

మూడోది లోయ మోడల్. మునిగిపోక ముందు లోయ ఎలా ఉండేదో, ఎక్కడ ఏం దొరికిందో చిన్న సైజులో చేసి పెట్టారు. నది, కొండలు, స్తూపాలు, కోట అన్నీ పై నుంచి చూడొచ్చు. దీన్ని చూడకుండా బయటి కట్టడాలు చూస్తే ఏది ఎక్కడిదో అర్థం కాదు. మనం ముందు డయాగ్రామ్ చూసి తర్వాత కోడ్ చదివినట్టు, ముందు ఇది చూసి తర్వాత బయటికి వెళ్ళండి.

బయట మహాచైత్యం ఉంది. అసలు స్తూపం అడ్డంగా 106 అడుగులు. దాని ప్లాన్ బండి చక్రంలా ఉంటుంది, మధ్యలో ఇరుసు, ఆకులు, బయట చుట్టు. ఆకుల మధ్య ఖాళీలో మట్టి నింపేవాళ్ళు. అంతా ఇటుకతో కట్టకుండానే అంత పెద్ద గుమ్మటం నిలబడుతుంది. ఇటుక ఆదా, బలం కూడా. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్స్‌ని అడిగితే దీని లెక్క ఇంకా బాగా చెప్తారు. లోపల స్వస్తిక ఆకారంలో గోడలున్న ఇంకో స్తూపం కూడా ఉంది.

తిరిగి ఒడ్డుకి వచ్చాక రోడ్డు మీద అనుపు వెళ్ళొచ్చు. అక్కడ విహారం, హారీతి గుడి, క్రీడాంగణం ఉన్నాయి. క్రీడాంగణం మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే పై మెట్టు మీద కూర్చున్న మామయ్యకి స్పష్టంగా వినపడింది. తరలించినా శబ్దం మాత్రం వచ్చింది చూడండి. కొలతలు సరిగ్గా కాపీ చేస్తే గుణం కూడా కాపీ అవుతుంది.

అమ్మమ్మ ప్రశ్న

ఇక్కడిదాకా రాసి ఆపేద్దామనుకున్నా. కానీ అసలు పాఠం నేను నేర్చుకుంది లోయ మోడల్ దగ్గర.

అమ్మమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "ఈ ఇళ్ళన్నీ ఎవరివిరా?" అంది. రాజులవి, భిక్షువులవి అని చెప్పా. "మరి డ్యామ్ కట్టేటప్పుడు ఆడ ఉన్నోళ్ళవి?" అంది.

డ్యామ్ కట్టేటప్పుడు ఆ లోయ ఖాళీగా లేదు. పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. పాత తవ్వకాల రాతల్లో ఆ పేరు కనపడుతుంది, ఫలానా స్తూపం పుల్లారెడ్డిగూడానికి ఇంత దూరంలో ఉంది అని. అంటే స్తూపం ఎక్కడుందో చెప్పడానికి పల్లెని గుర్తుగా వాడుకున్నారు. నేను తిరిగిన గదుల్లో ఆ పల్లె ఇళ్ళు, ఆ పల్లె మనుషులు నాకు కనపడలేదు. మూడో శతాబ్దపు పనివాడికి స్తంభం ఉంది. 1955లో అక్కడ జొన్న వేసిన రైతుకి ఏం ఉంది?

అమ్మమ్మ ఊరికే అడగలేదు. ఆమె పుట్టిన ఊరు వెలిగొండ ముంపులో ఉంది.

మన వైపు కాని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. పశ్చిమ ప్రకాశం కరువు ప్రాంతం. సాగర్ కుడి కాలువ నీళ్ళు దర్శి, అద్దంకి వైపు పొలాలకి వెళ్తాయి. మార్కాపురం, గిద్దలూరు ఎత్తులో ఉన్నాయి, కాలువ ఎక్కదు. మార్కాపురం టౌన్‌కి తాగడానికి మాత్రం దూపాడు దగ్గర నిల్వ చేసిన సాగర్ నీళ్ళు వస్తాయి. పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మా వీధిలో ఎండాకాలం అంటే ట్యాంకర్ హారన్. అందుకే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల పొడుగున రెండు సొరంగాలు, కొండల మధ్య సందులు మూసి 53.85 టీఎంసీల నల్లమల సాగర్, నాలుగున్నర లక్షల ఎకరాలకి దగ్గరగా ఆయకట్టు. దానికోసం సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ లాంటి ఊళ్ళు ఖాళీ అవ్వాలి.

నేను నీళ్ళు వద్దనే మనిషిని కాదు. మా అమ్మ బిందెలు పట్టుకుని ట్యాంకర్ వెంట పరిగెత్తడం చూస్తూ పెరిగా. నీళ్ళు రావాలి. అమ్మమ్మ కూడా అదే అంటుంది. "నీళ్ళు రానీరా, పిల్లలు బాగుపడతారు." అంటూనే తన ఊరి వేపచెట్టు గురించి రాత్రిళ్ళు చెప్తుంది. రెండూ నిజమే. మనం తాగే సాగర్ నీళ్ళు విజయపురి మీద నిలబడిన నీళ్ళే. ఒక ఊరి దప్పిక ఇంకో ఊరి మీద తీరుతుంది. ఇది చెడ్డది అని తీర్పు చెప్పేంత వయసు నాకు లేదు. కానీ ఆ రెండో ఊరు ఏదో తెలియకుండా తాగడం మాత్రం సరి కాదనిపించింది.

మోడల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు అమ్మమ్మ అడిగింది, "మన ఊరికి గూడా ఇట్టా చేసి పెడతారా?"

మామయ్య నవ్వి, "మన ఊళ్ళో రాజులెవరుండారమ్మా చేయడానికి" అన్నాడు.

"రాజులు లేకపోతే ఊరు గాదా?"

దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మనం ఏం చేయొచ్చు

ఇంటికొచ్చాక ఆలోచించా. నాలుగు రకాల్లో మొదటి రెండూ నా చేతిలో లేవు. ఇళ్ళు తరలించలేను. మూడూ నాలుగూ ఉన్నాయి. కొలతలు, మాటలు. వాటికి రాజు అక్కర్లేదు. ఒక ఫోను, ఒక టేపు, ఒక నోట్‌బుక్ చాలు.

మూడు రోజులు అమ్మమ్మ ఊరు వెళ్ళా. చేసిన పని ఇది. ఎవరైనా చేయొచ్చు కాబట్టి వరసగా రాస్తున్నా.

ముందు మ్యాప్. శాటిలైట్ మ్యాప్ ప్రింట్ తీసుకెళ్ళి అమ్మమ్మ ముందు పెట్టా. ఆమెకి పై నుంచి చూస్తే ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నేల మీద ముగ్గుపిండితో ఆమే గీసింది. గుడి ఇక్కడ, చావిడి ఇక్కడ, మంచినీళ్ళ బావి ఇక్కడ. దాన్ని ఫోటో తీసి, నడిచి చూసి, మ్యాప్ మీద పాయింట్లు పెట్టా. ఆమె గీత మ్యాప్‌తో కలవని చోట్లు రెండే. ఆ రెండు చోట్లా పాత దారి పూడిపోయి కొత్త రోడ్డు పడింది. అంటే ఆమెదే పాత వెర్షన్, మ్యాప్‌ది కొత్తది.

తర్వాత కొలతలు. అమ్మమ్మ వాళ్ళ పాత ఇంటిని గది గదికీ టేపుతో కొలిచా. గోడ మందం, గడప ఎత్తు, దూలాలు ఎన్ని, గూళ్ళు ఎక్కడ. ఒక గూడు గోడకి అడుగున ఉంది. ఎందుకని అడిగితే "కోళ్ళకిరా" అంది. కొలిస్తే గూడు దొరికింది, అడిగితే కోళ్ళు దొరికాయి. రెండూ కావాలి.

తర్వాత పేర్లు. పొలాల పేర్లు, వాగు మలుపుల పేర్లు, బండల పేర్లు. మూడు రోజుల్లో నలభై ఏడు పేర్లు రాసుకున్నా. ఇవి ఏ రికార్డులోనూ ఉండవు. ఊరు కదిలితే మనుషులు కొత్త కాలనీకి వెళ్తారు, ఇంటి నంబర్ వస్తుంది. 'కుక్కలగుండం చేను' అనే పేరు మాత్రం వెళ్ళదు.

చివరిగా, ప్రతి ఫోటోకీ మూడు విషయాలు రాయాలి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు. ఇది లేకపోతే పదేళ్ళ తర్వాత అది ఊరికే ఒక గోడ ఫోటో.

ఒక్కటి గుర్తుంచుకోండి. నాగార్జునకొండ తవ్వకాలు 1960లో అయిపోయాయి. వాటి పూర్తి నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. అంటే నలభై ఆరేళ్ళు. అంతకాలం తర్వాత కూడా రాయగలిగారంటే తవ్వినప్పుడే వివరంగా నోట్ చేసుకోబట్టి. మనం ఇప్పుడే పుస్తకం రాయక్కర్లేదు. ఇప్పుడు నోట్ చేస్తే చాలు, పుస్తకం ఎవరో ఒకరు తర్వాత రాస్తారు.

మన వైపు ఇలా నోట్ చేయాల్సినవి ముంపు ఊళ్ళే కాదు. కంభం చెరువు ఉంది, విజయనగర కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా కట్టింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు వచ్చింది. దాని తూముల పేర్లు, నీళ్ళు వంతులేసుకునే పద్ధతి తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మార్కాపురంలో పలకలు చేత్తో కోసిన పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ పనిముట్ల పేర్లు ఎవరైనా రాశారా?

అన్నకి జవాబు పంపా. "ఒరిజినలా డూప్లికేటా అని అడగడం తప్పు ప్రశ్న. ఏది మిగిలింది, ఎవరు కొలిచారు, ఏది వదిలేశారు అని అడగాలి" అని. అన్న థంబ్స్ అప్ పెట్టాడు. తర్వాత, "అమ్మమ్మ ఊరి ఫైల్ నాకూ ఒక కాపీ పంపు, ఇక్కడ కూడా ఒకటి ఉండనీ" అన్నాడు. ఇప్పుడు ఆ ఫైల్ నా ల్యాప్‌టాప్‌లో, డ్రైవ్‌లో, మలేషియాలో ఉంది.

పోయిన వారం అమ్మమ్మ ఫోన్ చేసింది. "అబ్బాయా, ఒకటి మర్చిపోయా. గుడి ఎనక ఒక చిన్న రాయి ఉంటది. పిల్లలు పుడితే ఆడ నీళ్ళు పోస్తారు. నిన్ను గూడా ఆడికే తీసకపొయ్యా. అది రాసుకున్నావా?"

రాసుకోలేదు. సెమిస్టర్ పరీక్షలు అవ్వగానే వెళ్ళి కొలుస్తా.